జిగురు

మోయ్‌హూ దాటేదాకా రోడ్డు మర్యాదగానే ఉంది.
ఒక పక్క కింగ్ నది,
ఒక పక్క వలలు కప్పుకున్న ద్రాక్ష వరసలు
దోమతెరల్లో పగటినిద్ర పోయే పసివాళ్లలా.
విట్‌ఫీల్డ్‌లో కాఫీ కప్పు పక్కన మ్యాపు పరిచి
షంషాద్ గోటితో ఒక గీత గీసింది:
"ఇక్కణ్ణుంచి మిట్ట. తొమ్మిది కిలోమీటర్లు, అంతే."
ఆ 'అంతే'ని
రెండో మలుపులోనే నమ్మడం మానేశాను.

నలభై తొమ్మిదో ఏట సైకిలు నేర్చుకున్నదాన్ని.
ఫుట్‌స్క్రే పార్కులో ఆరేళ్ల పిల్లలు
పక్కకి తప్పుకుని నిలబడేవాళ్లు,
అంబులెన్సుకి దారిచ్చినట్టు.
నోరు "ఇంకొంచెం, ఇదిగో ఇంకొంచెం" అంటుంది,
అన్నం తినని బిడ్డకి చెప్పినట్టు.
తొడలు మారాం చేస్తాయి.
యూకలిప్టస్ చెట్లు బెరడు రాల్చుకుంటూ
ఏ పక్షమూ వహించవు.
షంషాద్ పసుపు చొక్కా
పై మలుపు అంచున ఆవగింజంతై,
తర్వాత అదీ లేదు.

అప్పుడు చైను ఊడింది.

వీడియోలో అరనిమిషం పని.
నా చేతులు మాత్రం మణికట్టు దాకా నల్లబడ్డాయి.
జిగటగా, మొండిగా,
గోళ్ల సందుల్లో దూరి కాపరం పెట్టే నలుపు.
ఎక్కడో చూశాను దీన్ని.

గేటు లోపల ఎత్తైన షెడ్డు.
కిటికీల్లేవు. తలుపు కురచ. పైన తుప్పు రేకు.
వైను రుచి చూడండి అని బోర్డు.
నాకు కందుకూరు కనిపించింది.
ఇది బ్యారన్.
తలకిందులుగా వేలాడుతూ ఆకు
పచ్చ నుంచి పసుపులోకి మళ్లే రాత్రులు,
పొయ్యి నోట్లో కట్టె,
థర్మామీటరు మీద మా నాన్న టార్చిలైటు.

"టొబాకో," అంది వెనక నుంచి ఒక గొంతు.
ఎర్మీనియా. ఎనభై మూడేళ్లు. చేతిలో ఖాళీ బకెట్.
వాళ్ల నాన్న ఓడ దిగింది ద్రాక్ష కోసం కాదట,
పొగాకు కోసం.
కొనేవాళ్లు రావడం మానేశాక
కొడుకులు ద్రాక్ష పాతారు.
"ఇప్పుడు వచ్చేవాళ్లందరూ వైను, వైను," అని
అత్తగారి చుట్టాల గురించి చెప్పినట్టు
పెదవి విరిచింది.

ఆవిడ ఇంగ్లీషు సగం దూరం వచ్చి ఇటాలియన్‌లోకి మళ్లింది.
నాది ఆయాసానికి తెలుగులోకి జారింది.
అందుకని చేతులు ఎత్తాను.
లేని కర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని
లేని ఆకులు మూడేసి తీసి
ఇటొక మెలి, అటొక మెలి,
లేని పురికొస బిగించాను.
వేసవి సెలవులన్నీ అలాగే గడిచాయి నాకు,
కర్రకి ఇన్ని పైసలని.

ఆవిడ బకెట్ కింద పెట్టింది.
"నో, నో," అని నా మణికట్టు పట్టుకుని సరిదిద్దింది.
నాలుగేసి ఆకులు.
మూడని నేను, నాలుగని ఆవిడ,
వేలం రోజు బయ్యర్లలా కాసేపు వేళ్లు చూపించుకున్నాం.

ఆ తర్వాతే నా చేతుల నలుపు చూసింది.
పెరట్లోకి వెళ్లి పచ్చి టమాటా తెచ్చి
రెండుగా చీల్చి
నా అరచేతుల్లో రుద్దడం మొదలుపెట్టింది.
మా ఇంట్లో చింతపండు రుద్దేవాళ్లు.
ఆకు జిగురుకి సబ్బు చాలదని
నేను ఆవిడకి చెప్పక్కర్లేదు.
ఇది ఆకు జిగురు కాదు, చైను గ్రీజు అనీ
చెప్పలేదు.

అది పోలేదు. గింజలు మాత్రం అంటుకున్నాయి.
చైను ఎవరో మనవడు ఎప్పుడు ఎక్కించాడో
చూసుకోలేదు.

మిగతా నాలుగు కిలోమీటర్లు
హ్యాండిలు మీద పచ్చి టమాటా వాసన.
రెండు చోట్ల దిగి తోశాను, దాచడమెందుకు.
పైన గట్టు మీద షంషాద్
బూట్లు విప్పి, నారింజ వలుస్తూ అడిగింది,
"ఇంతసేపు ఆగావు, వైను ఎలా ఉంది?"

"నాలుగేసి ఆకులంట," అన్నాను.