ఒకటి, మూడు, నాలుగు, రెండు

గ్యుమ్రీలో మార్చి అంటే ఇంకా మంచే.
షెడ్డు తలుపు సగమే తెరుచుకుంటుంది.
ఆ సగంలోంచి గెగామ్ పాత జిగులి
కుంటుకుంటూ లోపలికొచ్చింది,
వెనక సీటు నిండా గొర్రెపాల చీజ్ వాసనతో.

"అషోత్స్క్ ఎత్తు ఎక్కనంటోంది," అన్నాడతను,
"నాకంటే ఏడేళ్లు చిన్నది,
నాకంటే ముందే ముసలిదైపోయింది."

మా మేస్త్రి వార్ద్‌గెస్ బానెట్ ఎత్తలేదు.
తల పక్కకి వంచి విన్నాడు,
విన్నట్టు నిలబడ్డాడు.

నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం:
ఒకటి, మూడు, నాలుగు, రెండు.
నిప్పు ఆ వరసలోనే నడుస్తుంది.
ఒక్క అడుగు తప్పితే
బండంతా తడబడుతుంది.

ఇంజను నడుస్తుండగానే
ఒక్కో ప్లగ్గు వైరూ పీకాను.
ఒకటోది పీకితే ఉలిక్కిపడింది.
రెండోది పీకితే మూలిగింది.
నాలుగోది పీకితే ఆగిపోబోయింది.
మూడోది పీకాను.
ఏమీ కాలేదు.
ఆ ఇంట్లో ఒకరు లేరని
అప్పటికే అందరికీ తెలిసినట్టు.

ప్లగ్గు మార్చాం. వైరు మార్చాం.
జబ్బు మూడోదాన్ని వదల్లేదు.

గేజీ బిగించి తాళం తిప్పమన్నాను.
పది. పది మీద ఒక గీత.
మూడు.
తొమ్మిదిన్నర.
ఆ మూడుని గెగామ్ వంగి వంగి చూశాడు,
కొడుకు మార్కుల కాగితం చూసినట్టు.

చెంచాడు నూనె పోసి మళ్లీ తిప్పాం.
రింగులదే తప్పయితే
నూనె అడ్డుపడి ముల్లు లేవాలి.
లేవలేదు.

ఇక గాలి ఒక్కటే దారి.
పిస్టన్‌ని పై కొసకి తెచ్చి,
గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి,
కంప్రెసర్ గాలి లోపలికి వదిలాను.
పోయిన గాలి ఎటు పోతోందో అదే జవాబు.
రేడియేటర్లో బుడగ లేదు.
నూనె మూత దగ్గర సడి లేదు.
కార్బురేటర్ నోరు మెదపలేదు.

మేస్త్రి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టి
రెండో కొస సైలెన్సర్ పైపులో దూర్చాడు.
"ఏమీ లేదు," అన్నాడు.

ఆరడుగుల దూరంలో ఉన్న నాకు వినిపిస్తోంది,
సైకిలు ట్యూబులో ముల్లు దిగినప్పటి
సన్నని సుయ్.

కంప్రెసర్ మోత అడ్డమేమో అనుకుని ఆపాను.
ట్యాంకులో మిగిలిన గాలి
ఇంకా స్పష్టంగా పోతోంది.
ఆయన గొట్టం రెండో చెవికి మార్చాడు.
తల అడ్డంగా ఊపాడు.

ఒక్కోటీ తీసేస్తూ పోతే
మిగిలిందే జబ్బు, అనేవాడాయన.
మోత కాదు. గొట్టం కాదు.
శీతాకాలమంతా మోగి మోగి ఊరుకున్న ఫోను.
పది పానా అడిగితే చేతికొచ్చిన పదమూడు.
రోజురోజుకీ గొంతు పెంచుకున్న రేడియో.

గెగామ్ నా వైపు చూశాడు.
నేను నేల మీద లేని నట్టు వెతికాను.

మేస్త్రి గొట్టం కింద పెట్టాడు.
తొడుగు విప్పి
అరచెయ్యి పైపు నోటికి అడ్డం పెట్టాడు,
చాలాసేపు.
"ఇక్కడుంది," అన్నాడు. "ఎగ్జాస్ట్ వాల్వు. కాలింది."

గ్యాసు మీద నడిచే బండికి
వాల్వు నెమ్మదిగా సీటులోకి కూరుకుపోతుంది.
పైన ఉండాల్సిన వెంట్రుకంత సందు పూడిపోతుంది.
వేడికి సాగిన వాల్వు ఇక పూర్తిగా మూసుకోదు.
టిక్కుటిక్కుమనే వాల్వుతో భయం లేదు,
నోరు మూసుకున్నదే కాలుతుంది.

"అక్టోబరులో నూనె మార్చడానికొచ్చావు," అన్నాడు గెగామ్‌తో.
"ఆ రోజే వినాల్సింది నేను."
గెగామ్ ఏదో అనబోయి
సిగరెట్టు వెలిగించుకున్నాడు.

హెడ్డు విప్పడానికి రెండు రోజులు.
వాల్వుని బల్బుకి ఎదురుగా పట్టుకుంటే
అంచు ఒకచోట ఎలక కొరికిన రొట్టెలా ఉంది.
కొత్తది వేసి, పొడి రాసి, అరగదీసి కూర్చాక
సందు కొలిచే రేకులు నా చేతిలో పెట్టాడు.
ఇరవై ఏళ్లుగా ఆయన వాటిని డబ్బాలోంచి తియ్యలేదు.

బండి స్టార్టయింది.
ఆయన ఫెండర్ మీద అరచెయ్యి ఆనించాడు,
ఇంజను వైపు కాదు
నా మొహం వైపు చూశాడు.
"బాగుందా?"

"బాగుంది," అన్నాను తల వంచుకునే.
మళ్లీ అన్నాను,
ఈసారి ఆయనకి ఎదురుగా తిరిగి.