పాత చెప్పులు తెమ్మంది

ముందు చీలమండే అనుకున్నాను.
వేలు పెట్టి వెతుక్కుంటూ
చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే
పాదం సగంలో, బయటి అంచున,
బొడిపెలాంటి ఎముక దగ్గర
"ఇదిగో, ఇక్కడ" అంది నొప్పి.

పొద్దున్న మంచం దిగిన మొదటి అడుగుకి ఒకసారి.
బూర్జ దాటాక ప్రతి గోతికీ ఒకసారి.
మధ్యలో ఊరుకునేది,
చిల్లర రావలసిన ప్రయాణికుడిలా
నా మొహమే చూస్తూ.

పద్నాలుగేళ్ళు పాలకొండ బస్సులో నిలబడ్డాను.
నిలబడ్డం అంటే
ఎడం తుంటి సీటు కడ్డీకి ఆనించి,
ఒక చెయ్యి మిషనుకీ ఒక చెయ్యి డబ్బుకీ వదిలేసి,
కుడి పాదం అంచుతో నేలని పట్టుకోవడం.
ఆడవాళ్ళకి జీరో టికెట్ వచ్చాక
ఆ అంచుకి కూడా చోటు తగ్గింది.
ఎవరి గంపో, ఎవరి పిల్లాడో, ఎవరి వంకాయల సంచో.

"ఏటే గవరమ్మా, కుంటుతున్నావేటి?
ఎదురుకాళ్ళతో పుట్టినోల్ల సేత తొక్కించుకో,
ఇట్టే ఒగ్గేత్తాది" అంది
ఆమదాలవలసలో ఎక్కే చేపల పోలమ్మ.
మా వీధిలో అలా పుట్టింది ఒకత్తే,
పక్కింటి మనవరాలు, మూడో తరగతి.
మూడు ఆదివారాలు, పళ్ళైనా తోముకోకుండా వచ్చి
మహా గంభీరంగా నా పాదం మీద
మూడేసి తొక్కులు తొక్కింది.
మూడో వారం ఐదు రూపాయలు పదికి పెంచింది.
నొప్పి మాత్రం చార్జీ మార్చలేదు.

పసుపూ సున్నం, చింతాకు కట్టు,
డ్రైవరు జోగులిచ్చిన మంట తైలం,
అన్నీ ఎక్కాయి, అన్నీ దిగిపోయాయి.

డే అండ్ నైట్ జంక్షన్లో, మేడ మీద,
ఫిజియో పైల రోహిణి.
ఫోన్లోనే చెప్పింది,
"కొత్తవి వద్దు, పాత చెప్పులు తెండి."
బల్ల మీద బోర్లా పెట్టి చూసింది.
ఎడమది సమంగా అరిగింది.
కుడిది బయటి పక్క
నాగావళి కోసేసిన గట్టులా ఉంది.
చెప్పుకి ఆ పేరెందుకొచ్చిందో
ఆ పూట తెలిసింది నాకు.

ఎక్సరే వెలుగుకి పట్టి,
"ఎముక బీటవారలేదు, నయం" అంది.
"మండ వెనక రెండు తాళ్ళుంటాయమ్మా.
గిలక మీద చేద తాడులా తిరిగి
ఒకటి ఈ బొడిపెకి ముడిపడుతుంది,
ఇంకోటి అరికాలి కిందకి దూరుతుంది.
మడమ మెలిక పడకుండా లాగి పట్టేవి అవే.
మీవి తెగలేదు. ఒరుసుకుపోయాయి."

నాకెందుకో కళ్ళు నిండాయి.
పద్నాలుగేళ్ళు ఎవరో నన్ను పట్టుకుని ఉన్నారు,
పేరైనా అడగలేదు నేను.

మూడు వారాలు బస్సెక్కొద్దంది.
డిపోలో పాసుల కౌంటరిచ్చారు.
కూచుని టికెట్ కొట్టని చేతులకి
సాయంత్రానికి ఏమీ తోచేది కాదు.
ఇంటికొచ్చి, గడ్డకట్టిన నీళ్ళ సీసాకి
గుడ్డ చుట్టి అంచుకి ఆనించడం.
వాపు తగ్గాక సైకిల్ ట్యూబు
మంచం కోటికి కట్టి, పాదానికి తగిలించి
బయటికి తొయ్యడం.
వెళ్ళేటప్పుడు రెండు లెక్కపెట్టాలి,
వచ్చేటప్పుడు నాలుగు.
"తొయ్యడం అందరూ తోస్తారు,
నెమ్మదిగా వదలడంలోనే ఉంది బలం" అంది రోహిణి.
అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గర ఒంటికాలి మీద.
మా ఆయన కొంగ అని పిలిచాడు రెండ్రోజులు,
తర్వాత తనూ ప్రయత్నించి పప్పుగిన్నె మీద పడబోయాడు.

ఏడో వారం మళ్ళీ పాలకొండ బస్సు.
చెప్పులో కొత్త మెత్త.
కాళ్ళు రెండూ ఎడంగా, అరికాలంతా ఆనించి.
బూర్జ గోతిలో ఒక్కసారి పలికింది గానీ
పాత గొంతు కాదు.

ఫుట్‌బోర్డు పక్కన ఒక పిల్ల,
నర్సింగు కాలేజీ కోటు చేతి మీద వేసుకుని,
పాదం అంచు మీద ఒరిగి నిలబడి ఉంది.
"అమ్మా, కాలు," అన్నాను.
ఉలిక్కిపడి
ఆధార్ కార్డు తీసి చూపించింది.