అర్ధచంద్రపు కంత

మూడేళ్ళు నా కొట్లో కౌంటరు మీద నిలబడ్డ ప్లాస్టిక్ రేకు అది.
ఆ రోగం రోజుల్లో కాస్ట్రో పట్నం నుంచి తెప్పించాను.
ఆరు మిల్లీమీటర్ల మందం,
డబ్బులిచ్చి పుచ్చుకోడానికి అడుగున అర్ధచంద్రంలా ఓ కంత.
రోగం పోయాక బంగాళాదుంప బస్తాల వెనక పడేశాను.

ఎలెవుతేరియో వచ్చి, "అది నాకిస్తావా, ఒర్తెన్సియా" అన్నాడు.
కళ్ళు రెండూ చింతనిప్పులు.
ఉత్తరపు గాలి లేచిన రోజున
పడవ ముక్కు మునిగి లేచినప్పుడల్లా
దోసిళ్ళకొద్దీ ఉప్పునీళ్ళు మొహాన కొడతాయట.
"చూస్తూ నడపడం మానేశాను.
గుర్తుపెట్టుకుని నడుపుతున్నా."
పద్దులో అప్పటికే అతని పేరున పిండీ, నూనే, నాలుగు నెలల డీజిలూ.
వాటి కింద 'రేకు' అని రాశాను.
ధర రాయలేదు.

ముందు అట్టతో కొలత.
సబ్బుల పెట్టె చింపి, పడవ నుదుటి వంపుకి ఆనించి,
చెవి మీది పెన్సిలు తీసి, గీసి, మళ్ళీ చెవి మీద పెట్టుకుని,
సగం రోజు.
వాన కురుస్తూనే ఉంది. మా దీవిలో వాన గురించి ఎవరూ మాట్లాడరు,
కురవకపోతేనే మాట్లాడతారు.

సన్నపళ్ళ రంపం. తొందరపడితే అంచు కరిగి
రంపాన్నే కరుచుకుంటుంది.
మొదటి కన్నం వేస్తూండగా చిటుక్కుమని
వెంట్రుకంత పగులు, మూల నుంచి జానెడు దూరం పాకింది.
అతను తిట్టిన తిట్టు చర్చి ఫాదర్ వినకూడనిది.
తర్వాత పగులు చివర ఇంకో చిన్న కన్నం వేశాడు.
"ఇక్కడితో ఆగమని ఎవరో ఒకరు చెప్పాలిగా దానికి."
ఆగింది.

వంచడానికి రెండో మనిషి కావాలి. తొడుగులు వేసుకుని రెండో కొస నేను పట్టుకున్నాను.
కట్టెల పొయ్యి ఇనపపలకకి జానెడు ఎత్తున అటూ ఇటూ ఆడిస్తే
చాలాసేపు మొండికేసి
ఉన్నట్టుండి రొట్టెపిండిలా మెత్తబడింది.
సిప్రెస్ దుంగ మీద వాల్చి, చెరో కొసా నొక్కిపట్టి,
చల్లారేదాకా కూర్చున్నాం.
ముక్కు దురదపెట్టినా చెయ్యి ఖాళీ లేదు.

"బోల్టు కంటే కన్నం ఎందుకంత పెద్దది?"
"ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది.
కదలనీకుండా బిగిస్తే చీలిపోతుంది."
సైకిల్ ట్యూబు ముక్కలు గుండ్రంగా కోసి మధ్యలో పెట్టాడు.
నా పెళ్ళినాడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

చివర్న పళ్ళపేస్టుతో గీతలు రుద్దాడు.
రెండు ట్యూబులు, అవీ పద్దులోవే.
నాణేల గీతలు, నేను తుడిచిన గుడ్డల గీతలు,
'ఒక మీటరు దూరం' స్టిక్కరు వదిలిన జిగురు,
అన్నీ పోయాయి.
ఎడమవైపు అరచెయ్యంత మేర మాత్రం ముట్టుకోలేదు.
అక్కడ సూదిమొనల్లా తెల్లటి గాట్లు.
వాళ్ళక్క కాందెలారియా ఉంగరంతో కొట్టేది అక్కడే,
టక్ టక్ టక్, నేను పెరట్లో ఉంటే.
రెండో చలికాలం నుంచి ఆ చప్పుడు లేదు.
నేనేమీ అడగలేదు.
అతను పేస్టుకి మూత పెట్టేశాడు.

గురువారం పిండి బస్తాలతో చిన్నదీవికి బయల్దేరాం.
ముందువైపు, బస్తాల మీద, టార్పాలిన్ కప్పుకుని నేను.
జలసంధి మధ్యలో ఒక అల నా వీపు మీద పగిలి
రేకు మీద పరుచుకుని జారిపోయింది.
దాని వెనక అతని మొహం,
మూడేళ్ళు నేను ఊరందరి మొహాలూ చూసినట్టే,
కొంచెం అలుక్కుపోయి, కొంచెం దూరంగా.
కానీ పొడిగా.

"కంత మూయలేదేం?" అని అరిచాను. గాలికి అది ఈల వేస్తోంది.

అతను వంగి
అర్ధచంద్రంలోంచి చెయ్యి బయటికి చాపాడు.
"అరకిలో పంచదార. అరువు మీద."

మాతే బుర్ర అందించాను.
సగం ఒలికింది.
అదీ పద్దులో రాస్తాను.