ఎండునీళ్లు

లారీ వచ్చేటాల్లకు పొద్దు గూకింది.
మిర్యాలగూడ ఆయకట్టు వరిగడ్డి,
హాలియా దాటి, మల్లేపల్లి దాటి,
గుట్టల దారిన ఒగరుస్తూ మా చందంపేట దిక్కు ఎక్కొచ్చింది.
కట్టకు నూటపది. కిందటేడు డెబ్బై.
"డీజిలు, ఈదమ్మక్కా" అంటడు డ్రైవరు,
గడ్డికి నీళ్లు గాక డీజిలే పారించినట్టు.

మా ఆయన వెంకులు లారీ మీదికెక్కి విసురుతున్నడు.
కింద నేను లెక్కబెడుతున్న.
రెండు బర్రెలు, ఒక దుడ్డె. రోజుకు కట్టన్నర.
ఉగాది దాక, రోహిణి ఎండల దాక, తొలకరి దాక...
లెక్క ఎక్కడో తెగుతది.
మళ్ల మొదటినుంచి.

సెలక లేక కాదు, మూడెకరాలుంది.
మా అత్త కాలంల అండ్ల జొన్న.
కంకి మాకు, సొప్ప గొడ్లకు,
మొదళ్లు పొయ్యిలకు, రాలింది పిట్టలకు.
గడ్డికి పైసలిచ్చుడంటే మా అత్త నవ్వేది,
గాలికి పైసలిచ్చినట్టు.
ఇప్పుడంత పత్తి.
పత్తికట్టెకు మూతి పెట్టిన గొడ్డును నేనింకా చూడలె.
తెల్లగ మిల్లుకు పోతది పత్తి,
చెక్కయి బస్తాల తిరిగొస్తది.
పట్నం చూసొచ్చిన పిల్లగాని లెక్క
మమ్ముల గుర్తుపట్టదు, ధర మాత్రం చెప్తది.

నేపియర్ పెడదామంటడు వెంకులు.
పది గుంటలు చాలంట, నెలన్నరకో కోత.
పశువుల డాక్టరు ముక్కలు ఊరికే ఇస్తడట.
నీళ్లు ఎవరిస్తరు?
ఆరొందల ఫీట్లు దిగిన బోరు
పొద్దుగాల ఒక గంట పోసి, తర్వాత దగ్గుతది.
ఆ ఒక్క గంటను ఎవరికి తాపాలె,
మిరపనారుకా, గడ్డికా, మాకా?

పాలకేంద్రం బాలస్వామి ఒకనాడు పెన్ను ఆపి అన్నడు:
"కొనేటోని బర్రె నష్టంల ఈనుతదక్కా.
పెంచేటోడు తన నడుముకు కూలి కట్టుకోడు,
గందుకే వానికి లాభం కనబడతది."
అప్పుడు నవ్విన. ఇంటికొచ్చినంక నవ్వు రాలె.
కోడికూత యాల్ల కొడవలి, నెత్తిన మోపు,
గడ్డి కోసే మిషన్ నోటికాడ రెండు చేతులు,
ఇవన్ని ఏ పుస్తకంల రాయాలె?
ఫ్యాటు పక్కన జాగ ఉంటదా?

దబ్బున ఒక కట్ట తాడు తెగి నా ముందల విచ్చుకుంది.
నడిమిట్ల ఆరని తడి.
వంగి ముక్కు పెట్టిన.
బురద వాసన, నాచు వాసన, కాలువ వాసన.
కోత మిషన్ మరిచిపోయిన నాలుగు గింజలు.

మా ఊరి గుట్టెక్కితే కనబడతది కృష్ణ,
సాగర్ వెనకనీళ్లు, మొగులంత.
మా గడప పక్కన్నే నిలబడతది,
మా దిక్కు తిరగదు.
ఎడమ కాలువల బడి పోయి
ఎవరి మళ్లల్లనో వరయి, ఎండి, తాడు బిగించుకుని,
లారీ ఎక్కి కట్టకు నూటపది లెక్కన
మళ్ల మా కొట్టంలకే వస్తది.
ఇన్నేండ్లు ఎండునీళ్లు కొంటున్న,
గడ్డి అని పేరు పెట్టి.

సరే, మేమే పెంచినమనుకో.
బోరు అడుగున మిగిలింది గడ్డయితది, గడ్డి పాలయితది,
పాలు ఆరుగంటల వ్యానుల హైదరాబాద్ పోతయి.
ఎవరి చాయలనో కలుస్తది మా పాతాళం.

కింది నుంచే వెంకులుతోని అన్న,
"రోడ్డు దిక్కు ఎకరంల ఈయేడు పత్తి వద్దు. జొన్న చల్లుదాం."
"వాన రాకపోతే?"
"పత్తికి మాత్రం వస్తదా?"
"సేటు అప్పియ్యడు జొన్నకు."
అదీ నిజమే.
ఎకరం సొప్ప మూడు నెలలకు మించి రాదు,
అదీ నిజమే.

కర్రిబర్రె పలుపు సాగదీసి
తెగిన కట్ట దాక వచ్చింది.
పొడిగడ్డి పక్కకు నెట్టి
ఆ తడిచోట్లనే మూతి పెట్టింది.

డ్రైవరు హారన్ కొడుతున్నడు.
ఇంక నలభై కట్టలు దింపాలె.