సింగిల్ కాలం

దేశమంతా సమ్మె.
చీమకుర్తి క్వారీల్లో కట్టర్లు నోరు మూసుకున్న పొద్దున
ముప్పై లైన్లు రాసి పంపాను.

ఒంగోలు డెస్కు నుంచి ఫోను:
"ఏందబ్బాయ్, ఆ క్వారీ ఎవురిది?"
చెప్పాను.
"ఇంటిపేరు గాదయ్యా, ఏవిట్లు?"
అదీ చెప్పాను.
"మనోళ్ళే గదా..."
అవతల టీ చప్పరించిన చప్పుడు.

తెల్లారి మా పేపర్లో, సింగిల్ కాలం:
సమ్మెకు స్పందన కరువు.
వాళ్ళ పేపర్లో, పేజీ అడ్డంగా:
స్తంభించిన జిల్లా.
ఫోటో మాత్రం ఒకటే.
అమ్మింది నేనే, ఇద్దరికీ, మూడేసి వందలకి.

ఆ ఫోటోలో ముందు నిలబడ్డ గాలెయ్య
రెండు పేపర్లూ బండమీద పక్కపక్కన పరిచి
రాతిపొడి అంటిన వేలితో
తన మొహాన్ని అక్కడోసారి, ఇక్కడోసారి తడిమి
నన్నడిగాడు:
"అబయా, నిన్న నేను
పనికి బొయినట్టా, బోనట్టా?"