తేలిక నేల

పైన టేకు దూలాలు, వాటి మీద అంగుళం మందం లేని పలక,
పలక నడిమధ్యన దయామణిగారి ఎంబ్రాయిడరీ మిషను.
కింద నా వాచీల బల్ల.
నరసాపురం రేవు వీధిలో అద్దెలు అలా కుదిరాయి మాకు.

తొమ్మిదికి ఆవిడ స్విచ్చి వేస్తే
నా పట్టకారులో వెంట్రుకంత స్ప్రింగు
చీమ కాలులా కొట్టుకునేది.
గ్లాసు నీళ్ళల్లో వలయాలు లేచేవి,
టీపొడి డబ్బా తనంతట తనే అంచు దాకా నడిచొచ్చేది.

గొడవ పడలేదు. ఆవిడ బతుకూ అదే కదా.
హవాయి చెప్పులు కోసి మిషను కాళ్ళ కింద పెట్టింది ఆవిడ.
నేను బల్ల కింద సైకిల్ ట్యూబు పరిచాను.
ఒక్క పూట మాత్రం తేడా తెలిసింది,
అది కరెంటు పోయిన పూట.

చివరికి పోలిశెట్టి అబ్బులొచ్చాడు,
అంతర్వేది పడవల ఇంజన్లకి వైద్యుడు.
గది మధ్యన నిలబడి, మడమల మీద ఒక్కసారి ఎగిరాడు.
పలక ఆయన్ని మళ్ళీ ఎగరేసింది.
"నేలే స్ప్రింగయి కూర్చుంటే
చెప్పు ముక్క ఏం చేస్తదండీ?
నా పడవా ఇంతే, అడుగంతా చెక్కే."

మిషను గోడ వారకి జరిగింది,
దూలాలు గోడలోకి దిగే చోటికి, గోడని మాత్రం తాకకుండా.
కింద పెద్ద పెట్టె, దాన్నిండా ఎండబెట్టిన గోదారి ఇసక,
పెట్టె కింద నాలుగు మెత్తటి స్ప్రింగులు, పాత మోపెడ్లవి.
"బరువు పెంచితే ఊపు తగ్గుద్దా?" అందావిడ.
"నిండు పడవని అల ఎంతని ఎత్తుద్దండీ" అన్నాడు.
కరెంటు తీగని వదులుగా వేలాడదీశాడు,
బిగిస్తే అదే మోసుకుపోద్దట మోతని.

స్విచ్చి వేశాక రెండు క్షణాలు
కల్లు తాగినట్టు ఊగింది మిషను.
నా గుండె జారింది.
వేగం అందుకున్నాక సర్దుకుంది.
కింద గ్లాసులో నీళ్ళు,
గాలి లేని పూట వరిమడిలో నీళ్ళలా.

ఇప్పుడు మిషను ఆడుతోందో లేదో తెలియాలంటే
మెట్లెక్కి చూడాలి.

కానీ వాచీలు తిరిగొస్తున్నాయి,
ఆర్నెల్లు ఊగే బల్ల మీద నేను సరిచేసినవి.
ఒకటి రోజుకి నాలుగు నిముషాలు ముందు,
ఒకటి ఏడు వెనక.
డబ్బులడక్కుండా విప్పుతున్నాను.
పంటు మీద టిక్కెట్లు కోసే సత్యానందం
తనది మాత్రం ఇవ్వనన్నాడు:
"ఉండనియ్యండి. ఆర్నెల్లుగా
ఒక్క పంటు కూడా తప్పిపోలేదు నాకు."