ప్రతిలో లేని మాట

నాటకం ఉన్న రాత్రి
మా ఊరి ఫైరింజన్ ఆరుబయట మంచులో తడుస్తుంది.
దాని షెడ్డే కదా మాకున్న ఒక్క రంగస్థలం.
బండిని బయటికి తోసి
నూనె మరకల మీద రంపపు పొట్టు చల్లి
డెబ్బై మూడు కుర్చీలు వేస్తాం.
అందులో ఒకటి కుంటిది, అది పాస్టరు గారికి.

ఎస్తోనియాలో ఈ దీవి ఎక్కడని అడక్కండి,
పటం మీద ఈగ వాలినంత.
సముద్రం గడ్డకట్టి ఓడ రాని రోజుల్లో
ఒకరినొకరం చదువుకుంటూ పొద్దుపుచ్చుతాం.

ఈ ఏడు నాటకం రాసింది హెల్వె.
ఓడ టికెట్ల కిటికీ వెనక ఇరవై రెండేళ్లుగా
"రానూపోనూనా, పోనా?" తప్ప
ఇంకో ముక్క ఆమె నోట విన్నవాళ్లు లేరు.
రాసింది టికెట్ల కాగితం చుట్ట వెనక వైపు.
విప్పితే నా వంటింట్లోంచి గేటు దాకా పాకింది.

కథ చిన్నదే.
ఇరుగుపొరుగు ఆడవాళ్లిద్దరు, నీలం రంగు ఎనామెల్ బకెట్ ఒకటి.
ఒకామె అడిగి పట్టుకెళ్లింది, తిరిగివ్వలేదు.
ముప్పై ఏళ్లు మాటల్లేవు.
పేర్లయితే మార్చింది హెల్వె.
పేర్లు మారిస్తే మాత్రం!
బకెట్ రంగు మార్చలేదుగా.
మూడో వరసలో సాల్మె, ఎనభై ఒకటి నిండినావిడ,
కోటు గుండీ ఒక్కటీ విప్పకుండా కూర్చుంది.

నేను ప్రాంప్టర్ని.
తెర చాటున టార్చి పట్టుకుని
నీళ్లు నమిలేవాళ్లకి మాట అందిస్తాను.
రెండో అంకం సగంలో ఉండగా
సైరన్ మోగింది.

నాటకంలో సైరన్ లేదు.
మా ఐదుగురు నటుల్లో నలుగురు మంటలార్పే దళం వాళ్లే.
అతికించిన మీసంతో ఆర్వొ,
పక్కింటామె గౌను ఎగ్గట్టి ఉర్వె,
దూకి బండెక్కి పోయారు.
అడవి అంచున ఎవరిదో ఆవిరిస్నానం కొట్టు అంటుకుందట.
మిగిలిన ఐదోవాడిది కుక్క వేషం,
వేదిక మీద పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండిపోయాడు.

జనం లేవలేదు.
బయట చలి, లోపల బకెట్.
"హెల్వెనే చదవమనండి" అన్నారెవరో.

వచ్చింది.
అందరి మాటలూ తనే చదివింది,
టికెట్లు చింపే గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా.
పంతొమ్మిదో పేజీ.
కూతురు అడుగుతుంది: "ఎందుకు తిరిగివ్వలేదు?"
కింద బ్రాకెట్లో ఉంది: పక్కింటామె మౌనం. దీపం తగ్గును.

దీపం తగ్గించేవాడు మంటలార్పడానికి పోయాడు.

"తెచ్చాను."
మూడో వరస.
"మర్నాడు పొద్దున్నే తెచ్చాను.
లోపల మీ అమ్మ ఏడుస్తోంది.
ఏడ్చే మనిషి తలుపు కొట్టి
ఇదిగో నీ బకెట్ అనడమేమిటని
వెనక్కి పట్టుకుపోయాను.
ఆ పై వారానికి మీకు కోపం వచ్చేసింది."

నేను పేజీ తిప్పాను.
ఇరవైలో లేదు. ఇరవై ఒకటిలో లేదు.
హెల్వె నా వైపు చూసింది, మాట కోసం.
నా దగ్గర టార్చి తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి తనే అడిగింది:
"ఎందుకు ఏడుస్తోంది?"
"అడిగితే కదా" అంది సాల్మె.
అని, పై గుండీ ఒక్కటి విప్పింది.

గంట తర్వాత వాళ్లొచ్చారు,
పొగ కంపుతో, సగం మీసంతో.
"ఎక్కడున్నాం?" అని ఆర్వొ నా చెవిలో అడిగితే
చూపించడానికి పేజీ దొరకలేదు.

శనివారం రెండో ఆటకి
ఆ మాటలు ప్రతిలో పెన్సిల్‌తో చేరాయి.
ఉర్వె ఎంత బాగా అందంటే
పాస్టరు గారి కుంటి కుర్చీ కూడా కదల్లేదు.
అప్పుడు మూడో వరసలోంచి,
ఈసారి టికెట్ కొనుక్కొచ్చిన గొంతు:
"నేనింత సాగదియ్యలేదు."

షెడ్డు రేకులు ఎగిరేలా నవ్వాం.
తెర వెనక హెల్వె పెన్సిల్ వెతుక్కుంటోంది.

బకెట్ సంగతా?
అదింకా సాల్మె ఇంట్లోనే ఉంది.
బంగాళదుంపలు పోసుకుంటోంది.